చేప రంగు మారితే ముందు గడియారం చూడండి

తెల్లబోవడం అనే మాటను మనం మనుషులకే వాడతాం. మా పైఫ్లాట్‌లో ఉండే గుంటూరు కుర్రాడి అక్వేరియంలో అది అక్షరాలా జరిగింది. తెల్లవారుజామున ఐదింటికి ఫోన్. "అన్నా, నియాన్లు పోయేలా ఉన్నాయి, ఒక్కసారి పైకి వస్తారా?" నైట్ డ్యూటీ నుంచి వచ్చి అప్పుడే ట్యాంకు లైటు వేశాడట. పన్నెండు నియాన్ టెట్రాలు. ఒంటిమీద నీలం గీత లేదు, తోక దగ్గర ఎరుపు లేదు, ఉడికీ ఉడకని సేమియా ముక్కల్లా నీళ్లలో వేలాడుతున్నాయి. నేను చొక్కా తగిలించుకుని మెట్లెక్కేసరికి పది నిమిషాలు పట్టింది. అప్పటికే సగం చేపలకు నీలం తిరిగొచ్చింది. ఇంకో పావుగంటకు అన్నీ మామూలే. అతను మాత్రం నీలంరంగు మందు సీసా మూత తీసి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

నియాన్ టెట్రాలు చీకట్లో రంగు దించేసుకుంటాయి, వెలుతురు పడ్డాక మళ్లీ ఎక్కించుకుంటాయి. పెళ్లి నుంచి రాగానే పట్టుచీర మడిచి బీరువాలో పెట్టినట్టు. దీనికి మందు లేదు, అక్కర్లేదు. ఆ సీసా ట్యాంకులో ఒలికి ఉంటే మాత్రం అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యేవి. అదెలాగో తర్వాత చెబుతాను.

మేముండేది చెన్నై విల్లివాక్కంలో. కొళత్తూర్ రంగుచేపల షాపులు కూతవేటు దూరం. ఆదివారం సాయంత్రం అక్కడ కాసేపు నిలబడితే తమిళంలోనూ తెలుగులోనూ వినిపించే ఫిర్యాదు ఒకటే: "ఇక్కడ కొన్నప్పుడు ఎర్రగా ఉంది, ఇంటికెళ్లాక పాలిపోయింది." జవాబు కూడా చాలాసార్లు ఒకటే, ఏదో ఒక సీసా. నన్నడిగితే సీసా కొనేముందు తేల్చుకోవాల్సింది రోగం పేరు కాదు. రంగు ఎంతసేపట్లో మారింది? నిమిషాల్లోనా, రోజుల్లోనా, నెలల్లోనా? చేప ఒంట్లో రంగు మార్చే ఏర్పాటు ఒకటి కాదు, వాటి వేగాలూ ఒకటి కావు. వేగం తెలిస్తే అనుమానితుల్లో సగం మందిని అక్కడే వదిలేయొచ్చు.

ముందు నిమిషాల సంగతి. చేప చర్మంలో రంగు కణాలుంటాయి. నలుపువి మెలనోఫోర్లు, పసుపువి జాంథోఫోర్లు, ఎరుపువి ఎరిత్రోఫోర్లు. ఒక్కో కణం కొమ్మలు చాచిన చెట్టులా ఉంటుంది, లోపల సన్నటి రంగు రేణువులు. గచ్చు మీద గుప్పెడు పసుపు ఒకచోట కుప్పగా పోయండి, మిగతా గచ్చంతా గచ్చులాగే కనిపిస్తుంది. అదే పసుపును అరచేత్తో పరవండి, గచ్చంతా పసుపే. పసుపు పెరగలేదు, పరుచుకుంది, అంతే. నల్ల రేణువులు కణం మధ్యకు కుప్పగా చేరితే చేప పాలిపోతుంది, కొమ్మల చివరిదాకా పరుచుకుంటే నల్లబడుతుంది. నియాన్ నీలం కథ ఇంకాస్త వేరు. అది అసలు రంగు పదార్థమే కాదు. ఇరిడోఫోర్లు అనే కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు సన్నటి పలకలు దొంతరగా ఉంటాయి, వాటి మీద వెలుతురు పడి తిరిగొచ్చేటప్పుడు నీలంగా కనిపిస్తుంది. పలకల మధ్య ఎడం మారితే నీలం ఊదాగా మారుతుంది, తర్వాత మాయమవుతుంది.

ఈ రేణువులకు హుకుం ఇచ్చేది నరాలు, హార్మోన్లు. భయపడినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ కుటుంబపు రసాయనాలు నల్ల రేణువుల్ని కుప్పగా లాగుతాయి. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే హార్మోన్లలో ఒకటి వాటిని పరుస్తుంది, ఇంకొకటి లాగుతుంది. తేనెటీగల నాట్యం గుట్టు విప్పి 1973లో నోబెల్ అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్, అంతకు చాలా ముందు, 1911 ప్రాంతంలో, మిన్నో అనే చిన్న చేపల మీద ఇదే పని చేశాడు. వెన్ను వెంట వెళ్లే ఒక నరాన్ని తెంపితే అక్కణ్నుంచి వెనకభాగమంతా నల్లబడిందని గమనించాడు. ఇది లాబొరేటరీ ముచ్చటలా అనిపించొచ్చు. కానీ మీ చేపకు ఉన్నట్టుండి తోకవైపు సగం మాత్రమే, కత్తిరించినట్టు, నల్లబడితే రంగు గురించి కాకుండా నరం గురించి ఆలోచించాలని దీన్నిబట్టే తెలుస్తుంది. ట్రౌట్ చేపలకు వచ్చే వర్లింగ్ డిసీజ్‌లో తోక నల్లబడేది ఇలాగే. పరాన్నజీవి వెన్ను దగ్గరి మృదులాస్థిని పాడుచేస్తుంది, అక్కడి నరాలు నలిగిపోతాయి.

కళ్లకూ దీనికీ సంబంధం ఉంది. పైనుంచి పడే వెలుతురెంత, కింద నేల నుంచి తిరిగొచ్చే వెలుతురెంత అని చేప కంటితో బేరీజు వేసుకుని ఒంటిరంగు సర్దుకుంటుంది. తెల్ల గులకరాళ్లు పోసి, పైన తెల్లటి ఎల్‌ఈడీ బిగించిన ట్యాంకులో చేప పాలిపోవడం ఆరోగ్యానికి గుర్తే తప్ప జబ్బు కాదు. షాపులో అదే చేప వెనక నల్ల షీటు, పైన గులాబీరంగు ట్యూబు. ఫ్లవర్‌హార్న్ అనే చేప ఇంటికొచ్చాక వెలవెలబోవడానికి సగం కారణం ఆ ట్యూబే. చూపు పోయిన చేపకు నేల నుంచి తిరిగొచ్చే వెలుతురు తెలియదు, నల్లటి గుంటలో ఉన్నాననుకుని నల్లబడిపోతుంది. ముసలి గోల్డ్‌ఫిష్ ఒంటిరంగు ముదిరి, వేసిన మేతను ముక్కుకు తగిలేదాకా కనిపెట్టలేకపోతుంటే కళ్లు చూడండి, మసకబారి ఉంటాయి.

రంగు చేపకు భాష కూడా. చాలా జాతుల్లో దెబ్బలాటలో ఓడినది నల్లబడి, నేను పోటీలో లేను అని చెప్పేస్తుంది. డిస్కస్ అనే చేపకు బెదిరితే నిలువు పట్టీలు ముదురుతాయి. ఆడ ఫైటర్ చేప ఒంటిమీద అడ్డగీతలు తేలితే భయం, నిలువుగీతలు తేలితే గుడ్లు పెట్టడానికి సిద్ధం. ఒకే చేప, ఒకే ట్యాంకు, గీత దిశ మారితే అర్థం తలకిందులు. ఇవన్నీ వచ్చినంత తొందరగా పోతాయి. కొత్త చేపను వదిలాక మొదటి రెండు మూడు రోజులు లైటు తగ్గించి, దాక్కోవడానికి ఒక కుండపెంకు పెట్టి ఊరుకోవడమే వైద్యం. నాలుగో రోజుకీ గీతలు పోలేదంటే ట్యాంకులో ఎవరో దాన్ని తరుముతున్నారు, లేదా నీళ్లు బాగాలేవు.

నీళ్ల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాలి. రోజుల వ్యవధిలో మారే రంగుకు మన ఊళ్లో మొదటి అనుమానితుడు నీళ్లే. దీనికి నా దగ్గర సాక్ష్యం ఉంది, నేరస్తుణ్నీ నేనే.

మూడేళ్ల కిందట భోగి నాడు ఇల్లంతా కడుగుతూ ఆ ఊపులో ఫిల్టర్ స్పాంజిని కూడా కొళాయి కింద పెట్టి, బురదంతా పోయి కొత్తదానిలా మెరిసేదాకా పిండాను. ఆ బురదే ట్యాంకు ప్రాణం అని పుస్తకజ్ఞానం లేక కాదు, పండగ హడావుడి. చేప మొప్పల నుంచి, పెంట నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. స్పాంజిలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది బాగా పేరుకుంటే తప్ప ఇబ్బంది పెట్టదు. ఈ బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలితే చచ్చిపోవడానికి మాత్రం ఎంతోసేపు పట్టదు.

కనుమ దాటింది. మా అమ్మాయి ఒరాండా గోల్డ్‌ఫిష్, దానికి తను పెట్టుకున్న పేరు మిరపకాయ, ట్యాంకు మూలన కూర్చుండిపోయింది. రెక్కలు ఒంటికి అంటించుకుంది. ఎరుపులో జీవం లేదు. టెస్ట్ కిట్ సీసాలో నీళ్లు లేత పసుపుగా ఉండాల్సింది చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. కార్డు పక్కన పెట్టి చూస్తే అమ్మోనియా 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒకటి) పైనే. రోజూ మూడోవంతు నీళ్లు మార్చాను, మేత ఆపేశాను. వారానికి చేప తేరుకుని ఈదడం మొదలెట్టింది. సరిగ్గా అప్పుడు రెక్కల అంచులు, మూతి చుట్టూ, మసి పూసినట్టు నల్లబడ్డాయి. పక్కింటి నెల్లూరు ఆంటీ చూసి "దిష్టి చుక్క అదే పెట్టుకుంది" అన్నారు. గోల్డ్‌ఫిష్‌లో అమ్మోనియా కాల్చిన చోట మానేటప్పుడు నల్లరంగు చేరుతుంది, మన చేతిమీద నూనె చింది కాలిన మచ్చ నల్లబడినట్టే. అంటే ఆ నలుపు కనపడేసరికి ప్రమాదం చాలావరకు దాటిపోయి ఉంటుంది. కంగారుపడి మందు పోయాల్సింది అప్పుడు కాదు, అసలు ఎప్పుడూ కాదు. ఐదారు వారాలకు మసి దానంతటదే పోయింది.

ఇక్కడ చెన్నై నీళ్ల గొడవ ఒకటి ఉంది. అమ్మోనియా అంతా విషం కాదు. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది, చేపను కాల్చేది ఒకటే. ఆ చెడ్డ రూపం పాలు, పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా తేల్చే కొలత) ఒక అంకె పెరిగితే దాదాపు పదింతలవుతుంది. వేడి పెరిగినా పెరుగుతుంది. ఇరవై ఎనిమిది డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక పాలు కూడా ఉండనిది, 8 దగ్గర ఆరు పాళ్లు దాటుతుంది. మా అపార్ట్‌మెంట్ సంప్‌లో మెట్రో వాటర్ (ఊరి కొళాయి సరఫరా), బోరు, లారీ నీళ్లు మూడూ కలుస్తాయి, ఏ వారం ఏది ఎక్కువో వాచ్‌మన్‌కే తెలియాలి. మెట్రో వాటర్ మాత్రం ఒకటా? పుళల్, చెంబరంబాక్కం చెరువులు, 1996 నుంచి కండలేరు మీదుగా పూండికి వస్తున్న మన కృష్ణ నీళ్లు, 2010లో మింజూరులో మొదలైన సముద్రపు నీటి శుద్ధి. 2019 వేసవిలో చెరువులు ఎండిపోయినప్పుడు అయితే ఊరంతా లారీల మీదే బతికింది. మనం అదే కొళాయి, అదే బకెట్ అనుకుంటాం, చేపకు మాత్రం వారానికో ఊరు. ఒకేసారి సగం ట్యాంకు మార్చేస్తే పీహెచ్ ఎగరడానికి, చేప వెలిసిపోవడానికి అది చాలు. నేను నీళ్లను బకెట్లో ఒక రాత్రి నిలవ ఉంచుతాను, తొందరుంటే యాంటీ క్లోరిన్ చుక్కలు వేస్తాను, ఒక్కసారికి నాలుగోవంతు మించి మార్చను. అమ్మోనియా ఎక్కినప్పుడు తప్ప.

మే నెలలో ఇంకో బాధ. ఇరవై ఐదు డిగ్రీల నీళ్లు లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, ముప్ఫై రెండు డిగ్రీలకు అది 7.3కు దిగుతుంది. కత్తిరి వెయిల్ అని ఇక్కడ పిలిచే మండుటెండల రోజుల్లో మధ్యాహ్నం చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి, పాలిపోయి కనిపిస్తే మందుల షాపుకు కాదు, ఇంకో ఎయిర్ పంపు కోసం పరిగెత్తండి. అలా పైకొచ్చిన చేప మొప్పలు ఎర్రగా కాకుండా గోధుమరంగులో, బెల్లం పానకంలా ఉంటే కారణం వేడి కాదు, నైట్రైట్. అది రక్తాన్ని ఆక్సిజన్ మోయనివ్వదు. నీళ్లు మారుస్తూ లీటరుకు ఒక గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పోస్తే, ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి రానివ్వకుండా అడ్డుపడుతుంది. గోల్డ్‌ఫిష్‌కు ఇది ఇబ్బంది లేని మోతాదు. కోరీ లాంటి క్యాట్‌ఫిష్‌లకు ఉప్పు అంతగా పడదు, వాటికి నీళ్లు మార్చడమే మేలు.

నీళ్లు శుభ్రంగా ఉన్నాయని కిట్ చెప్పాక, అప్పుడు జబ్బుల వైపు చూడాలి. ఇక్కడ అందరూ బోల్తాపడేది తెలుపు దగ్గర. ఒళ్లంతా చక్కెర పలుకులు చల్లినట్టు విడివిడి చుక్కలుంటే అది ఇక్ అనే పరాన్నజీవి, షాపు భాషలో వైట్ స్పాట్. వీపు మీద జీను వేసినట్టు బూడిదరంగు పొర, అంచులు పీచుపీచుగా ఉంటే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా. రెండూ తెలుపే. కానీ ఇక్‌కు నీళ్లను మెల్లగా ముప్ఫై డిగ్రీలకు వెచ్చబెడితే ఆ పరాన్నజీవి ముందుకు సాగలేదు. కాలమ్నారిస్‌కు అదే వేడి విందుభోజనం, చేప రెండు రోజుల్లోనే పోవచ్చు. "తెల్లమచ్చలొచ్చాయి, హీటర్ పెట్టు" అనే సలహా ఒకరికి పనిచేసి ఇంకొకరి ట్యాంకు ఖాళీ చేసిందంటే కారణం ఇదే. ఇక్‌లో ఇంకో చిక్కు, చుక్కలా కనపడే దశలో అది చేప చర్మం కింద దాక్కుని ఉంటుంది, మందు తగలదు. రాలిపోయి, అడుగున వందలుగా చీలి, మళ్లీ ఈదేటప్పుడే చస్తుంది. చుక్కలు పోయాయని మందు ఆపేస్తే వారంలో మళ్లీ తయారు.

మగ గోల్డ్‌ఫిష్‌కు జోడుకట్టే కాలంలో మొప్పల మూతల మీద, ముందు రెక్కల గట్టి ఈనె మీద తెల్లటి పొక్కులు వరసగా వస్తాయి. అది యౌవనం. దానికి వైద్యం చేసినవాళ్లను ఇద్దర్ని చూశాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గది చీకటి చేసి టార్చి వేస్తే ఒళ్లంతా బంగారు పొడి మెరిస్తే వెల్వెట్ అనే పరాన్నజీవి జబ్బు. రెక్కల్లో ఎర్రటి రక్తనాళాలు తేలితే అమ్మోనియా కానీ, రక్తంలో చేరిన బ్యాక్టీరియా కానీ. నియాన్ టెట్రాకు పట్టపగలు, లైటు వెలుగుతుండగా, ఎర్రగీత మధ్యలో తెల్లటి మాంసపు మచ్చ పడి రోజురోజుకూ పెరుగుతుంటే అది నియాన్ టెట్రా డిసీజ్ అయి ఉండొచ్చు. కండరాల్లో చేరే పరాన్నజీవి, నమ్మదగిన మందు లేదు, ఆ చేపను వేరుచేయడమే. పైఫ్లాట్ కుర్రాడు భయపడింది దీనికే, చూసింది మాత్రం తెల్లవారుజాము నిద్రను. రంగు నెలల తరబడి వెలుస్తూ, పొట్ట లోపలికి పోయి, వెన్ను వంగుతుంటే చేపల క్షయ అనుమానించాలి. అది మన చేతిమీది గాయం ద్వారా మనకూ సోకగలదు, మానని పుండు పడుతుంది. చేతికి కోత ఉన్నప్పుడు గ్లవుజు లేకుండా ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు.

మందు పోస్తే పోయేదేముంది అంటారా? చాలా మందులు, ముఖ్యంగా యాంటీబయోటిక్ క్యాప్సూల్స్, మిథిలిన్ బ్లూ, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియానూ చంపుతాయి. భోగి నాడు నేను కొళాయి కింద చేసిన పనే, కాకపోతే డబ్బిచ్చి చేయడం. వారానికి అమ్మోనియా ఎక్కుతుంది, చేప నిజంగా పాలిపోతుంది, ఇంకో సీసా వస్తుంది.

చివరగా నెలల లెక్క. ఎరుపు, నారింజ, పసుపు రంగులకు మూలమైన కెరోటినాయిడ్లను చేప తనంతట తాను తయారుచేసుకోలేదు, తిండిలోంచి రావాల్సిందే. స్పైరులినా నాచు, రొయ్యపొట్టు ఉన్న మేత మానేసి చవక గుళికలు వేస్తే రెండు మూడు నెలల్లో ఎరుపు నారింజ అవుతుంది, నారింజ నిమ్మరంగుకు దిగుతుంది. కెరోటినాయిడ్లు గాలికీ వెలుతురుకూ పాడవుతాయి కాబట్టి ఈ ఊరి ఉక్కలో మూత తెరిచి ఆరునెలలు వాడే కిలో డబ్బా కన్నా చిన్న ప్యాకెట్ మేలు. లూజుగా కవర్లో పోసిచ్చేది నేను కొనను. కొన్ని చేపలకు రంగు ఎక్కించి అమ్ముతారు. మన దేశపు వాగుల్లో దొరికే గాజులాంటి పారదర్శకమైన చిన్న చేపకు సూదితో గులాబీ, ఆకుపచ్చ రంగులు పొడిచి అమ్మడం ఎప్పటినుంచో ఉంది. అది కొన్ని నెలల్లో కరిగిపోతుంది, అంతదాకా చేప బతికితే. అలాంటి చేపను కొనకపోవడం తప్ప దానికి చేయగలిగిందేమీ లేదు. మార్బుల్ రకం ఫైటర్లు బతికినన్నాళ్లూ రంగు మారుస్తూనే ఉంటాయి, వాటి వంశమే అంత. నల్లటి మూర్ గోల్డ్‌ఫిష్ పెద్దయ్యేకొద్దీ కంచురంగులోకి వస్తుంది, గోల్డ్‌ఫిష్ పిల్లలు పుట్టడం మట్టిరంగులో పుట్టి కొన్ని నెలలకు ఎర్రబడతాయి, వయసు మీదపడ్డాక కొన్ని పొట్ట దగ్గర్నుంచి తెల్లబడతాయి.

నెలల మార్పును కన్ను పట్టుకోలేదు, రోజూ చూస్తాం కాబట్టి. అందుకే ఆదివారం పొద్దున, గది కిటికీ వెలుతురులో, ట్యాంకు లైటు ఆర్పి, ఒకే చోట నిలబడి ఒక ఫొటో తీస్తాను. ఫోన్లో ఇప్పుడు నూట నలభై దాకా ఉన్నాయి. వాటిని వరసగా తిప్పితే మిరపకాయకు భోగి తర్వాత మసి పట్టడం, పోవడం కనిపిస్తాయి. మొన్న దసరా నుంచి పొట్ట కింద ఎరుపు తగ్గి, తెలుపు మెల్లగా పక్కలకు పాకుతోంది. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. మేత వేస్తే మూత చప్పుడుకే పైకొస్తుంది, గులకరాళ్లు నోట్లో వేసుకుని ఉమ్ముతుంది, మొప్పలు ఎర్రగా ఉన్నాయి. చేయడానికి ఏమీ లేదని మా అమ్మాయికి చెప్పాను. తను కాసేపు గాజుకు ముక్కు ఆనించి చూసి, అయితే పేరు మార్చాలి అంది. ఇప్పుడది చల్లమిరపకాయ.